చేపలు ఆఫీసు వేళకి చావవు

మా నీటి పరీక్షల లాబులో ఆమె సొంత పేరు జీతాల పట్టీలో తప్ప ఎక్కడా వినబడేది కాదు. అందరికీ సీసాలక్క. సెలవు మీద వెళ్ళిన ఎవరి బదులో పదిహేను రోజులకని పనిలో చేరి, ఇరవై రెండేళ్ళు సీసాలు కడుగుతూ ఉండిపోయింది. నేను జూనియర్ కెమిస్టుగా చేరిన రోజున నాకు మొదటి పాఠం చెప్పింది కూడా ఆమే. నేను కడిగి బోర్లించిన సీసాని తీసి, నీళ్ళు పోసి వంచి, వెలుతురుకి ఎత్తి పట్టుకుంది.

"చూడమ్మాయ్. నీళ్ళు గాజు మీద పొరలా జారిపోతే సీసా శుభ్రం. ఇదిగో, ఇలా చుక్కలు చుక్కలుగా నిలబడితే ఇంకా జిడ్డుందన్నమాట. నువ్వు దీన్ని కడగలేదు, పలకరించి వదిలేశావు."

డిగ్రీ చేతబట్టుకుని వచ్చినదాన్ని. మొహం మాడిపోయింది. ఆ సీసాని నాలుగోసారి కడిగాక గాని ఆమె తల ఊపలేదు.

లాబు వెనకాల ఆమె గది. వరసగా మూడు తొట్లు, గోడకి మేకులు, మేకులకి చిటికెనవేలంత దాని నుంచి చేటంత దాని దాకా బ్రష్షులు. ఒక కిటికీ. కిటికీలోంచి చూస్తే చెరువు. అక్క చదివింది ఏడో తరగతి. కాని కడగడానికి వచ్చిన సీసా అడుగున మిగిలిన రంగు చూసి, అందులో ఏ పరీక్ష చేశామో, ఫలితం ఎక్కువ వచ్చిందో తక్కువ వచ్చిందో చెప్పేసేది. మొదట్లో నేను నమ్మలేదు. రిజిస్టరు తెరిచి చూసేదాన్ని. ప్రతిసారీ ఆమె మాటే నిజమయ్యేది.

"మీరు పుస్తకం చూసి చెప్తారు, నేను అంట్లు చూసి చెప్తా. వంట ఎలా కుదిరిందో తోమేదానికి తెలీదా?" అనేది.

ఆమె భర్త చెరువు అవతలి ఒడ్డున అద్దకం కార్ఖానాలో పని. నూలు బట్టని రంగుతొట్టిలో ముంచి తీయడం. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు. "మా ఆయనకి అబద్ధమాడే యోగం లేదు. చేతులు చూస్తే చాలు, పొద్దుటి నుంచీ ఏం చేశాడో తెలిసిపోతుంది" అని నవ్వేది అక్క.

ఆ ఏడు వేసవి చివర్లో వారం రోజులు మబ్బు పట్టింది. చినుకు లేదు, ఆకు కదిలేంత గాలి లేదు. చెరువు నీళ్ళు చిక్కగా, పచ్చగా, రుబ్బిన ఆకు కలిపినట్టు ఉన్నాయి. ఎనిమిదో రోజు పొద్దున్న నేను ఆఫీసుకి వస్తుంటే ఒడ్డంతా జనం. నీళ్ళ అంచు పొడుగునా తెల్లగా ఏదో పేరుకుంది. దగ్గరికి వెళ్తే చేపలు. వందలు కాదు, వేలు. కడుపులు పైకి, నోళ్ళు తెరుచుకుని.

జనం మధ్యలో చేపలు పట్టేవాళ్ళ సంఘం పెద్ద నిలబడి అరుస్తున్నాడు. అతని మీసాలు చూసి ఊరంతా మీసాలాయన అంటారు. రెండు చేతులా ఒక పెద్ద బొచ్చెచేపని ఎత్తి పట్టుకున్నాడు, చంటిబిడ్డని పట్టుకున్నట్టు.

"ఇది విషం కాకపోతే ఏంటి? అదిగో ఆ అద్దకం గొట్టం! ఇన్నేళ్ళుగా రంగునీళ్ళు వదుల్తున్నారు. ఇవాళ చెరువుని చంపేశారు!"

పదిన్నరకి నగర అధికారి వచ్చాడు. నీళ్ళు పరీక్షించమని లాబుకి ఉత్తర్వు వచ్చింది. మా పెద్దసారు నన్ను పంపారు. పదకొండింటికి, మబ్బు విడి కాసేపు ఎండ కాసినప్పుడు, నేను పైపై నీళ్ళ నమూనాలు పట్టాను. నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు పుష్కలంగా ఉంది. ఉండవలసిన దానికన్నా ఎక్కువే ఉంది. విషలోహాల పరీక్ష మా దగ్గర లేదు. నమూనాలు వేరే ఊరు పంపాలి, ఫలితానికి రెండు వారాలు.

అధికారి మా కాగితం చూసి, "ఊపిరాడక చావలేదు కదా, ఇక మిగిలింది విషమే" అని తేల్చేశాడు. మధ్యాహ్నానికి కార్ఖానా తలుపుకి సీలు పడింది. నలభైమంది పనివాళ్ళు చేతులకి అంటిన రంగు కడుక్కోకుండానే వీధిలోకి వచ్చారు.

సాయంత్రం పని అయ్యాక అక్క నన్ను వాళ్ళింటికి రమ్మంది. సైకిలు షాపు మీద రెండు గదులు. అక్క భర్త, నాకు వరసకి బావ, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ముదురు నీలం చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటున్నాడు. అక్క అత్తగారు మంచం మీద నుంచే, "ఒకతి సీసాలు కడుగుతుంది, ఒకడు గుడ్డలు ముంచుతాడు. ఈ ఇంటి రాతలో నీళ్ళు తప్ప ఇంకోటి రాయలేదు దేవుడు" అంది.

అక్క నా ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"అమ్మాయ్, నువ్వు నీళ్ళు పట్టింది ఎప్పుడు?"

"పదకొండింటికి."

"చేపలు చచ్చింది?"

"తెల్లారేలోపు. జనం ఆరింటికే చూశారట."

"దొంగలు పడ్డ ఆరు నెలలకి కుక్కలు మొరిగాయట. అలా ఉంది మన పరీక్ష."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. పదిహేనేళ్ళ కిందట మా లాబులో ఒక పాత కెమిస్టు ఉండేవాడట. ఆయన ఒక ఎండాకాలంలో ఏదో పరిశోధనకని ఇదే చెరువు నీళ్ళని రోజంతా మూడేసి గంటలకొకసారి పట్టించాడు. ఆ సీసాలన్నీ కడిగింది అక్క.

"మధ్యాహ్నం సీసాల్లో మడ్డి కాచిన బెల్లంలా ముదురుగా ఉండేది. తెల్లారుజాము సీసాల్లో పాలిపోయి ఉండేది, జ్వరమొచ్చిన మనిషి మొహంలా. ఒకే చెరువు, ఒకే రోజు. అప్పుడే అనుకున్నా, ఈ చెరువు పగలు ఒకలా ఉంటుంది, తెల్లారేసరికి ఇంకోలా ఉంటుందని."

ఆ పరీక్ష సంగతి ఇక్కడ కాస్త చెప్పాలి. సీసా నిండా, ఒక్క బుడగ కూడా లేకుండా నీళ్ళు పట్టి, వరసగా రెండు మందులు చుక్కలుగా వేస్తాం. నీళ్ళలో ప్రాణవాయువు ఉంటే గోధుమరంగు మడ్డి అడుగుకి దిగుతుంది. ఎంత ముదురు రంగైతే అంత ఎక్కువున్నట్టు. బొత్తిగా లేకపోతే మడ్డి విరిగిన పాలలా తెల్లగా ఉంటుంది. ఆ తెల్లటి సీసా నేను కాలేజీ పుస్తకంలో చదివానే గాని కంటితో చూడలేదు.

"ఇంకోటి," అంది అక్క. "పొద్దున్న నేనూ వెళ్ళా ఒడ్డుకి. చచ్చినవన్నీ పెద్దవి. వేలెడు చేపపిల్లలు రాళ్ళ సందుల్లో ఆడుకుంటున్నాయి. చెరువులో పడవ నడిపే తాతని అడిగా. విషమైతే ముందు పిల్లలే పోతాయే, పెద్దవి పోయి పిల్లలు మిగలడం ఏమిటో అంతుబట్టలేదు అన్నాడు. కొర్రమీను ఒక్కటీ చావలేదు. అది నీళ్ళపైకి వచ్చి గాలి పీల్చుకునే రకం కదా. విషానికి ఈ చుట్టరికాలు ఉంటాయా?"

చదివినదంతా నా బుర్రలోనే ఉంది. నీళ్ళని పచ్చగా చేసే నాచు ఎండలో ప్రాణవాయువు ఇస్తుంది, చీకట్లో తానే పీల్చుకుంటుంది. వారం రోజుల మబ్బులో ఇచ్చింది తక్కువ, పీల్చింది ఎక్కువ. చచ్చిన నాచు కుళ్ళుతూ మిగిలింది కూడా లాగేసుకుంది. పెద్ద చేపలకి ప్రాణవాయువు ఎక్కువ కావాలి, అందుకే అవి ముందు పోయాయి; ఇదంతా అక్కకి గబగబా చెప్పాను. నాకన్నీ తెలుసు. తెలిసీ పదకొండింటికి, ఎండ వచ్చాక వెళ్ళి నీళ్ళు పట్టాను.

తెల్లారకముందే మళ్ళీ నీళ్ళు పట్టాలని మర్నాడు పెద్దసారుకి చెప్పాం. ఆయన చెడ్డవాడు కాదు, నియమాల మనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"లాబు తొమ్మిదింటికి తెరుస్తాం. నమూనాలు తొమ్మిది నుంచి నాలుగు లోపు. ఇది నేను పెట్టిన రూలు కాదమ్మా."

"చేపలు ఆఫీసు వేళకి చావవు సార్," అంది అక్క.

నేను నవ్వాపుకోవడానికి పక్కకి తిరిగాను. పెద్దసారు ఆమె వైపు తిరిగి, "అది సరే. కాని నీ భర్త ఆ కార్ఖానాలోనే కదా పని. నువ్వు తెచ్చిన నీళ్ళని ఎవరు నమ్ముతారు?" అన్నారు.

అక్క మొహంలో రంగు మారింది. అది కోపమో సిగ్గో నేను చెప్పలేను. వెనక గదిలోకి వెళ్ళింది. అరగంట పాటు తొట్లో నీళ్ళ చప్పుడే వినబడింది. తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చి, "సార్, నీళ్ళు నేను పట్టను. నన్ను నమ్మనివాడి చేతే పట్టిస్తా. అలా ఒప్పుకుంటారా?" అంది.

పెద్దసారు కళ్ళజోడు పెట్టుకున్నారు. "లాబు తాళంచెవి నా దగ్గరుంటుంది. రేపు తెల్లారుజామున నాలుగున్నరకి మా ఇంటికొచ్చి తీసుకో."

మీసాలాయన ఒడ్డు మీద ఆరబెట్టిన వలల దగ్గర కూర్చున్నాడు. మమ్మల్ని చూడగానే మొహం తిప్పుకున్నాడు.

"మొగుడి ఉద్యోగం కోసం వచ్చావా?"

"అవును అన్నా, అందుకే వచ్చా. నీ వల కోసం నువ్వు అరవట్లా? ఎవరి కడుపు వాళ్ళది. అబద్ధమెందుకు?" అని అతని ముందు చతికిలబడింది అక్క. "అందుకే అంటున్నా. రేపు తెల్లారుజామున సీసా నువ్వే ముంచు. ఎక్కడ ముంచాలో నువ్వే చెప్పు. నేను పడవలో చేతులు కట్టుకుని కూర్చుంటా. తేలింది నాకు ఎదురొస్తే, మీ సంఘంతో పాటు నేనే ఆ కార్ఖానా ముందు కూర్చుంటా. మా ఆయన్ని కూడా కూర్చోబెడతా."

అతను మీసం ఒకవైపు నమిలాడు. "మాట మీద ఉంటావా?"

"రాసిమ్మన్నా ఇస్తా. దస్తూరి బాగుండదు, అంతే."

మర్నాడు ఐదు దాటాక, అప్పుడప్పుడే తూర్పు తెలుపెక్కుతుండగా పడవ తాత తెడ్డు వేశాడు. పడవలో నలుగురం. సీసాల పెట్టె నా ఒళ్ళో. అక్క అన్నట్టుగానే చేతులు కట్టుకుని చివర కూర్చుంది. చెరువు మధ్యకి పోతుండగా చుట్టూ మెత్తటి చప్పుడు వినిపించింది. చినుకులు పడుతున్నాయనుకున్నాను. కాదు. చేపలు. నీళ్ళపైకి నోళ్ళు పెట్టి, వందల నోళ్ళు, గాలిని మింగుతున్నాయి. తెడ్డు తగిలినా పక్కకి తప్పుకునే ఓపిక వాటికి లేదు.

మీసాలాయన పడవ అంచు మీద నుంచి వంగి చూశాడు.

మొదటి సీసా కార్ఖానా గొట్టం దగ్గర ముంచాడు. రెండోది చెరువు నడిమధ్యన. మూడోది ఊరి మురుక్కాలవ వచ్చి కలిసే చోట. సీసా ఎలా వంచాలో, బుడగ లేకుండా మూత ఎలా పెట్టాలో నేను చెప్పాను, అతను చేశాడు. పోల్చి చూడడానికి నాలుగో సీసాలో నేను ఇంటి కుళాయి నీళ్ళు తెచ్చాను. మందులు కూడా అతని చేతే వేయించాను. వేసి, తలకిందులు చేసి, నాలుగు సీసాలూ పడవ చెక్క మీద వరసగా పెట్టాం.

కుళాయి నీళ్ళలో గోధుమరంగు మేఘంలా కమ్ముకుని మెల్లగా దిగింది. మిగిలిన మూడింటిలోనూ తెలుపు. విరిగిన పాలు. పుస్తకంలోని ఆ సీసా నా ముందుంది, ఒకటి కాదు, మూడు.

"తెలుపంటే?" అన్నాడు మీసాలాయన.

"లేదని అర్థం," అంది అక్క. "ఊపిరి లేదు. గొట్టం దగ్గరా లేదు, నడిమధ్యనా లేదు. కార్ఖానా మూసి రెండు రోజులైంది అన్నా. గొట్టంలోంచి చుక్క రాలేదు. అయినా చూడు, నీ చేపలు ఎలా గుటకలు వేస్తున్నాయో. ఊరు మొత్తం తన మురుగుని ఆ కాలవలోంచి పోస్తోంది. అది తిని నాచు బలిసింది. బలిసిన నాచు రాత్రంతా ఊపిరి లాగేసింది. ఇందులో నా వాటా మురుగుంది, నీ వాటా ఉంది."

అతను సీసాల్ని చూశాడు. తర్వాత నీళ్ళని. ఒక పెద్ద బొచ్చె పడవ పక్కనే ఒరిగిపోతోంది. దాన్ని చేత్తో నిటారుగా నిలబెట్టడానికి ప్రయత్నించాడు. అది మళ్ళీ ఒరిగింది.

"ఇప్పుడేం చెయ్యాలి చెల్లెమ్మా?" అన్నాడు. ఆ గొంతు వేరే మనిషిది.

అక్క నా వైపు చూసింది. ఈసారి జవాబు నా దగ్గరుంది. "నీళ్ళకి గాలి పట్టించాలి. పైపై నీళ్ళు తోడి, ఎత్తుకి చిమ్మి, మళ్ళీ చెరువులోనే పడెయ్యాలి. అడుగు బురద కదపకూడదు. కాని పెద్ద పంపులు కావాలి. మూడో నాలుగో."

ఊళ్ళో అంత పెద్ద పంపులు ఎక్కడున్నాయో నలుగురికీ తెలుసు. అద్దకం కార్ఖానాలో, సీలు వేసిన తలుపు వెనక.

"తాతా, అవతలి ఒడ్డుకి పోనీ," అన్నాడు మీసాలాయన.

తర్వాతి గంట సంగతి ఊళ్ళో ఇప్పటికీ రకరకాలుగా చెప్పుకుంటారు. నేను చూసింది రాస్తాను. మీసాలాయన నగర అధికారిని పక్కమీద నుంచి లేపి, లుంగీతోనే కార్ఖానా తలుపు దగ్గరికి తీసుకొచ్చాడు. "మూయమన్నది నేనే. తెరవమంటున్నదీ నేనే. నిమిషానికి వంద చేపలు పోతున్నాయి, మీరు కాగితం వెతుకుతారా?" అన్నాడు. అధికారి వెతికినంతసేపు వెతికి, చివరికి నా రిజిస్టరులోనే నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాడు. ఏడు కాకముందే సీలు తెగింది.

బావా, తోటి పనివాళ్ళూ మూడు పంపులు దొర్లించుకుంటూ తెచ్చారు. గొట్టాలు సరిపోలేదు. వలలు వేసేవాళ్ళు తాళ్ళతో, వెదురు గడలతో గొట్టాల్ని ఎత్తి కట్టారు. నీలం చేతులూ నల్లటి చేతులూ ఒకే గొట్టాన్ని పట్టుకున్నాయి. మొదటి పంపు దగ్గింది, ఆగింది, బావ దాన్ని ఓ తిట్టు తిట్టాడు, అందుకుంది. నీళ్ళు రెండు నిలువుల ఎత్తుకి లేచి, విచ్చుకుని, చెరువు మీద పడ్డాయి.

ఐదు నిమిషాలు ఏమీ లేదు. పది నిమిషాలు. అక్క ఒడ్డు పక్కన మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, చీర కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని చూస్తోంది.

"అదిగో!" అని ఎవరో కేక వేశారు.

నీళ్ళు పడే చోటుకి నల్లటి నీడ ఒకటి కదిలి వస్తోంది. చేపలు. వందలకొద్దీ, ఒకదాన్నొకటి తోసుకుంటూ. నురుగు కింద గుంపుగా చేరి, తలలు ఆ జల్లుకి పెట్టి నిలబడ్డాయి. కాసేపటికి ఒక బొచ్చె తోక విదిలించింది. ఇంకాసేపటికి ఒకటి ఎగిరింది! ఎగిరి, వెండిలా మెరిసి, ధభీమని పడింది.

ఒడ్డు మీద అరుపులు. పెద్దసారు ఎప్పుడొచ్చారో తెలీదు, చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నిలబడి ఆయనా అరుస్తున్నారు. నేను ఏడుస్తున్నానని అక్క నా చెంప తుడిచాకే తెలిసింది. తడిచేత్తో తుడిచింది, ఇంకా తడిసింది.

పంపులు ఆ పగలూ, ఆ రాత్రీ, మర్నాడూ ఆడాయి. వంతులు వేసుకున్నారు. మరుసటి తెల్లవారుజామున మీసాలాయన ముంచిన సీసాలో లేత గోధుమరంగు దిగింది. సీసాని నెత్తిన పెట్టుకుని ఒడ్డంతా తిరిగాడు. మూడో రోజు గాలి లేచింది, మబ్బు చెదిరింది. చెరువులో సగానికి పైగా చేపలు దక్కాయి.

రెండు వారాలకి బయటి లాబు ఫలితం వచ్చింది. చేపల్ని చంపేంత విషలోహం ఏదీ లేదు. కార్ఖానావాళ్ళు పండగ చేసుకోబోయారు. అక్క ఆ కార్ఖానా యజమాని దగ్గరికి వెళ్ళి, "చేపల్ని మీరు చంపలేదన్నాను గాని, మీ రంగునీళ్ళు మంచివని అనలేదు. ముందు గుంట తవ్వి అందులో తేరుకున్నాకే వదలండి" అని చెప్పొచ్చింది. "సొంత మొగుడి యజమానికే పాఠమా!" అని బావ తల పట్టుకున్నాడు. కాని గుంట తవ్వినవాళ్ళలో మొదటి గునపం అతనిదే. మురుక్కాలవని మళ్ళించడానికి మాత్రం ఏడాదిన్నర పట్టింది. సంఘం, కార్ఖానా ఒకే అర్జీ మీద సంతకాలు పెడితే గాని కదలలేదది.

మా లాబు నియమాల పుస్తకంలో ఒక కొత్త వాక్యం చేరింది, పెద్దసారు దస్తూరీలో: చెరువు నమూనాలు సూర్యోదయానికి ముందే పట్టవలెను. ఆ పని ఎవరికి అప్పగించాలన్న ప్రశ్న రాలేదు. అక్క హోదా మారింది. క్షేత్ర సహాయకురాలు. ఆ మాట పలకడానికి నోరు తిరగక, "నన్ను సీసాలక్క అనే పిలవండి, ప్రాణానికి హాయి" అంది. కాని రిజిస్టరులో తేదీ, వేళ, రంగు రాసి, కింద తన పూర్తి పేరుతో సంతకం పెట్టేటప్పుడు మాత్రం నాలుగు నిమిషాలు తీసుకునేది. ఒక్క అక్షరం కూడా పొట్టిగా రాసేది కాదు.

ఆ చెరువులో ఆ తర్వాత చేపలు అలా చావలేదు. రెండుసార్లు రంగు పాలిపోతున్నట్టు కనిపెట్టి, అక్క ముందే పంపులు పెట్టించింది.

కిందటేడు మరో ఊరి నుంచి ఉత్తరం వచ్చింది. వాళ్ళ చెరువులోనూ చేపలు తేలుతున్నాయట, మీ నిపుణుల్ని పంపండని. పెద్దసారు పదవీ విరమణకి ఇంకా నెల ఉంది. ఆ ఉత్తరం చదివి, పైన అడ్డంగా అక్క పేరు రాసి నాకిచ్చారు. వాళ్ళు పంపిన జీపు సైకిలు షాపు ముందు ఆగితే వీధంతా బయటికొచ్చింది. అత్తగారు మేడమీద కిటికీలోంచి, "అదిగో, నా కోడలు. ఇంజినీర్లకి చెప్పడానికి పోతోంది" అని, తెలిసినవాళ్ళకీ తెలియనివాళ్ళకీ వినబడేలా అరిచింది. డ్రైవరు దిగి వెనక తలుపు తీశాడు.

"వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది బాబూ," అని అక్క ముందు తలుపు తీసుకుని ఎక్కి, చీర సర్దుకుని, "ఎంత దూరం? తెల్లారేలోపు చేరతామా?" అని అడిగింది.